ఏ పక్క నమిలారండీ?

అమలాపురంలో ఒక పళ్ళ ఆసుపత్రిలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాను. డాక్టరుని కాదు. డాక్టరుగారు రోగికి కుడి పక్క కూర్చుంటే, నేను ఎడమ పక్క నిలబడి ఉమ్మి లాగే గొట్టం పట్టుకునేదాన్ని, పనిముట్లు అందించేదాన్ని. చదివింది పదో తరగతి. రోగులు 'సిస్టరుగారూ' అని పిలిచేవారు. నేను నర్సు చదువు చదవలేదండీ అని మొదటి ఏడాది చెప్పి చూశాను, తర్వాత మానేశాను.

పోయిన ఏడాది, యాభై ఆరో ఏట, ఉద్యోగం వదిలేశాను. రూట్ కెనాల్ సూదుల పొడవు కొలవడానికి వేలెడు స్కేలు ఒకటి ఉంటుంది. దాని మీద అర మిల్లీమీటరు గీతలు నాకు ఒకటి రెండుగా కనిపించడం మొదలైంది. పంటి వేరు చివర అర మిల్లీమీటరు తేడా చిన్న సంగతి కాదు. ఆ వారమే డాక్టరుగారితో చెప్పేశాను.

ఇప్పుడు నా స్థానంలో ఇద్దరమ్మాయిలు చేరారు. పనిముట్ల పేర్లు, వాటిని ఉడకబెట్టే పద్ధతి, ఎక్స్‌రే తీసే తీరు డాక్టరుగారు నేర్పుతారు. నేను వాళ్ళకోసం రాస్తున్నది ఒక మనిషి గురించి, ఆ మనిషి రావడానికి నాలుగేళ్ళ ముందు నేను చేసిన ఒక లెక్క తప్పు గురించి. తప్పు ముందు జరగకపోతే ఆ మనిషి విషయంలోనూ తప్పే జరిగేది.

గురువారం పొద్దున్న

ఆమె పేరు కరుణ. రాజోలు దగ్గర పల్లెటూరు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. కువైట్‌లో ఒకరింట్లో వంట పని. సెలవు మీద వచ్చి, తల్లికి కంటి ఆపరేషన్ చేయించి, తిరిగి వెళ్ళబోతోంది. శనివారం సాయంత్రం ఐదింటికి అమలాపురంలో బస్సు, ఆదివారం మధ్యాహ్నం హైదరాబాదులో విమానం. అక్కడ ఉండటానికి ప్రభుత్వం ఇచ్చే కార్డుని వాళ్ళు అకామా అంటారు. ఆ దేశం విడిచి ఎన్నాళ్ళు బయట ఉండవచ్చో దానికొక గడువుంటుంది. కరుణ గడువు సోమవారంతో ఆఖరు. ఈలోపు అక్కడ దిగకపోతే కార్డు చెల్లదు, ఉద్యోగం పోతుంది.

గురువారం పదిన్నరకి ఆమె మా కుర్చీలో కూర్చుంది. కుడి పక్క కింది పెద్ద దవడ పన్ను, నడిమధ్య పుచ్చు. మా డాక్టరు శైలజగారు అద్దం పెట్టి చూస్తూ ప్రశ్నలు అడిగారు.

"ఎన్నాళ్ళ నుంచి నొప్పి?"

"రెండ్రోజులేనండి."

"వాపు వచ్చిందా?"

"లేదండి."

"రాత్రి నిద్ర పట్టిందా?"

"ఆయ్, పట్టిందండి."

డాక్టరుగారు ఎక్స్‌రే చూశారు. కరుణ కుర్చీలోంచి తల తిప్పి నన్ను చూసింది. "సిస్టరుగారూ, బోర్డు మీద ఒకే సిట్టింగులో చేస్తారని రాసుందండి. ఈ పూటకి అయిపోద్దాండి?"

"అవ్వదంటే పీకించుకుంటారా?" అని డాక్టరుగారు అడిగారు. అది బెదిరింపు కాదు. ప్రయాణం ముందు అడగవలసిన మాటే.

"పీకొద్దండి, మీకు దణ్ణం పెడతాను. ఎడం పక్కన రెండు ఎప్పుడో తీయించేసుకున్నానండి. ఇదీ పోతే ఇంక దేంతో నవలనండి? అక్కడ పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంటే మా మేడమ్ తీసుకెళ్ళదండి. పోయినసారి నొప్పొస్తే పదకొండ్రోజులు మాత్రలు మింగి వంట చేసేను."

ఇదీ సమస్య. నమలడానికి ఆమెకి మిగిలిన ఒకే ఒక మంచి పన్ను అది. చేతిలో ఉన్నది రెండున్నర రోజులు. ఆ పన్ను ఒకే సిట్టింగులో అవుతుందో లేదో తేల్చేది డాక్టరుగారు. కానీ డాక్టరుగారు తేల్చేది రోగి చెప్పిన మాటల్ని బట్టి కూడా. ఆ మాటలకి ఎంత విలువ కట్టాలో నేను ఎలా నేర్చుకున్నానో ముందు చెప్పాలి.

నాలుగు సిట్టింగుల కాలం

నేను చేరినప్పుడు శైలజగారి నాన్నగారు డాక్టరు. ఆయన్ని పెద్ద డాక్టరుగారు అనేవాళ్ళం. ఆయన రూట్ కెనాల్‌కి నాలుగు సిట్టింగులు పట్టేది. మొదటి రోజు పన్ను తెరిచి, చెడిన నరం తీసి, మందు అద్దిన దూది పెట్టి మూసేవారు. నాలుగు రోజులాగి మళ్ళీ తెరిచి చూసేవారు. వేరు లోపల చెమ్మ ఉంటే మళ్ళీ మందు. పొడిగా ఉంటేనే నాలుగోసారి మూసేవారు. ఆయన చేసిన పళ్ళు ఇప్పటికీ జనం నోళ్ళలో ఉన్నాయి.

అయితే లంక గ్రామాల వాళ్ళు పంటు ఎక్కి గోదావరి దాటి, మళ్ళీ ఆటో ఎక్కి రావాలి. నాలుగు సిట్టింగులంటే నాలుగు రోజుల పని పోయినట్టే. మొదటిసారికే నొప్పి తగ్గిపోతుంది కాబట్టి మూడోసారికి చాలామంది రారు. ఒక ఏడాది నేను పేర్లు రాసి చూశాను. పదిమందిలో ముగ్గురు మధ్యలో మానేశారు. పైన పెట్టిన మందు ఊడిపోయి, పన్ను చీలిపోయి, ఏడెనిమిది నెలలకి పీకించుకోవడానికి వచ్చేవారు. "మరి అప్పుడే రాలేదేమండీ?" అంటే, "తగ్గిపోయింది కదండీ" అనేవారు. ఇప్పుడు కొందరు పాత పద్ధతే మంచిదని వాదిస్తారు. వాళ్ళు ఆ ముగ్గురిని లెక్కలోకి తీసుకోరు.

లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. మా అమ్మ కూలికి నాట్లు వేస్తూ వరసలు లెక్కపెట్టుకునేది. సగటు ఎలా తియ్యాలో, నూటికి ఎంతో ఎలా చూడాలో శైలజగారు స్కూల్లో ఉన్నప్పుడు పడేసిన పాత లెక్కల పుస్తకం చూసి నేర్చుకున్నాను. ఎవరూ నేర్చుకోమనలేదు.

బోర్డు, నా పుస్తకం

శైలజగారు పెద్ద చదువు చదివి వచ్చి కుర్చీ తీసుకున్నారు. ఆమెతో పాటు రెండు యంత్రాలు వచ్చాయి. ఒకటి సూదిని తిప్పుతుంది. రెండోది, సూది వేరు చివరికి దగ్గరపడేకొద్దీ కూత పెడుతుంది. నాన్నగారికి నాలుగు రోజులు పట్టే పని ఆమెకి గంటన్నరలో అయ్యేది. నరం చచ్చి పొడిగా ఉన్న పన్నుకీ, నరం బతికి ఉండి సలుపుతున్న పన్నుకీ ఒకే సిట్టింగు సరిపోతుందని ఆమె చెప్పారు. అది నిజం. నేను కళ్ళారా చూశాను. లంకల వాళ్ళకి అది నిజమైన మేలు.

పెద్ద డాక్టరుగారు ముందు గదిలో పేపరు చదువుతూ కూర్చునేవారు. ఒకరోజు కూతురితో అన్నారు: "వాళ్ళు పంటు టైముకి వెళ్ళాలని మనం పన్నుని తొందరపెట్టకూడదమ్మా."

"తొందర కాదు నాన్నగారూ. సరిగ్గా చేస్తే ఒకసారి చాలు. కావాలంటే ఎస్తేరక్క లెక్క రాస్తుంది, మీరే చూద్దురుగాని." ఎస్తేరు నా పేరు. శైలజగారు గౌను వేసుకునే వయసు నుంచీ నన్ను అక్కా అంటారు.

అలా మొదలైంది నా పుస్తకం. పేరు, ఏ పన్ను, ఎన్ని వేర్లు, ఒక్కోదాని పొడవు, ఎన్ని నిమిషాలు పట్టింది, మూడో రోజు ఎలా ఉంది, ముప్ఫయ్యో రోజు ఎలా ఉంది. ఏడు కాలమ్‌లు. చివరి రెండు కాలమ్‌లకి నేనే ఫోన్ చేసి కనుక్కోవాలి. బాగుంటే టిక్కు, లేకపోతే సున్నా.

పది నెలల్లో నలభై ఒక్క పేర్లు వచ్చాయి. ముప్ఫై తొమ్మిదికి టిక్కు. శైలజగారు ఆ పేజీ తీసుకెళ్ళి నాన్నగారి ముందు పెట్టారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని పైనుంచి కిందికి వేలు పెట్టి చదివి, "ఇంత బాగా ఉంటే నేను మాట్లాడకూడదు" అన్నారు. ఆ వారమే బయట బోర్డు మీద ఒకే సిట్టింగులో రూట్ కెనాల్ అని రాయించారు. బోర్డు వచ్చాక అందరూ అదే అడిగేవారు. అడిగిన అందరికీ మేము అదే చేశాం. అంతకుముందూ కొందరికి చేసినట్టే, దవడ కాస్త వాచి ఉన్నవాళ్ళకి కూడా. శైలజగారి తప్పు అందులో కొంత ఉంది. ఆ మాట ఆమే ఒప్పుకుంటారు కాబట్టి రాస్తున్నాను. కానీ ఆమె నమ్మింది నా పేజీని.

మాష్టారి పన్ను

కొత్తపేటలో ఒక రిటైరైన మాష్టారున్నారు. నా పుస్తకంలో ఇరవై మూడో పేరు ఆయనది. ఎడమ పక్క కింది దవడ పన్ను, తొంభై అయిదు నిమిషాలు. మూడో రోజు టిక్కు, ముప్ఫయ్యో రోజు టిక్కు. రెండుసార్లూ ఫోన్లో ఆయన నాతో ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు.

ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర ఆయన నా ఎదుటి వరసలో కూర్చున్నారు. నేను అలవాటు కొద్దీ మనుషుల నోళ్ళే చూస్తాను. ఆయన గారెని మజ్జిగపులుసులో నానేసి, చిదిపి, కుడి బుగ్గలోకి పంపుతున్నారు. ఎడమ పక్క కదలడం లేదు. భోజనం అయ్యాక చేతులు కడుక్కునే చోట పట్టుకున్నాను.

"మాష్టారండీ, ఆ పన్ను ఎలా ఉందండీ?"

"ఆయ్, బాగుందమ్మా."

"మరి ఆ పక్క నమలటం లేదేమండీ?"

ఆయన అటూ ఇటూ చూశారు. "ఏం లేదమ్మా. అది తీయించేసేను. మండపేటలో మా మేనల్లుడికి తెలిసినాయన ఉన్నాడు."

"ఎప్పుడండీ?"

"మీ దగ్గర చేయించుకున్న పన్నెండో రోజునో ఎప్పుడో. దవడ ఇంత లావైపోయింది."

నేను వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. "అయితే నేను ముప్ఫయ్యో రోజున ఫోన్ చేసేటప్పటికి ఆ పన్నే లేదు కదండీ. బాగుందన్నారు?"

"మరేం చెప్పమంటావమ్మా? నువ్వు అంత దూరం నుంచి గుర్తుపెట్టుకుని 'బాగుందాండీ మాష్టారూ' అని అడుగుతుంటే బాలేదని ఏ నోటితో అంటాను? ఆ పిల్ల గంటన్నర వంగిపోయి కష్టపడింది. పాపం నడుం కూడా పట్టుకుంది. పైగా పన్ను లేని చోట బాగానే ఉంది కదా, అబద్ధమూ కాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి పుస్తకం తీశాను. టిక్కు పెట్టిన పన్ను ఆయన నోట్లో లేదు.

మా వైపు మాట మర్యాద ఎక్కువ. ఎదుటివాళ్ళు మంచిగా అడిగినదానికి 'ఆయ్' అనకపోతే వాళ్ళని చిన్నబుచ్చినట్టు. 'బాగుందా' అని నేను అడిగిన ప్రశ్నలోనే జవాబు పెట్టేశాను. వాళ్ళు దాన్నే నాకు తిరిగి ఇచ్చారు. నేనూ ఇక్కడే పుట్టాను. మా ఇంట్లో కూర ఉప్పగా ఉన్నా, బాగుందా అంటే ఆయ్ అంటాను. ఇది తెలిసి కూడా నలభై ఒక్కమందిని అలాగే అడిగాను.

రెండోసారి ఫోన్లు

మర్నాడు పెద్ద డాక్టరుగారికీ శైలజగారికీ ఇద్దరికీ చెప్పాను. శైలజగారు చాలాసేపు ఎక్స్‌రే లైటు వెలిగిస్తూ ఆర్పుతూ కూర్చుని, "అందరికీ మళ్ళీ చెయ్యక్కా" అన్నారు.

ఈసారి ఎలా ఉందని అడగలేదు. "నిన్న మధ్యాహ్నం ఏం కూరండీ?" అని మొదలుపెట్టాను. "ఏ పక్క నమిలారండీ?" అన్నాను. "నిద్రలో ఏ పక్కకి తిరిగి పడుకుంటున్నారు? చెరుకు ముక్క ఎప్పుడు కొరికారు? నొప్పి మాత్ర ఆఖరున వేసుకున్నది ఏ రోజు?" ఈ ప్రశ్నలకి ఆయ్ అని జవాబు చెప్పడం కుదరదు. ఒక పక్క పేరో, ఒక రోజో, ఒక అంకెనో చెప్పాలి.

నలభై ఒక్కమందిలో ముప్ఫై ఎనిమిదిమంది దొరికారు. ఇరవై తొమ్మిదిమంది ఆ పక్క హాయిగా నములుతున్నారు. ఏడుగురు రెండో పక్కనే తింటున్నారు. ఇద్దరు, మాష్టారితో కలిపి, వేరే చోట పీకించుకున్నారు. ఆ తొమ్మిదిమంది కాగితాలు తీసి పక్కన పెట్టుకుని చూశాం. తొమ్మిదిలో ఏడుగురికి, వచ్చిన రోజున దవడ వాపో, వేరులో చీమో ఉంది. పొడిగా ఉన్న పళ్ళు చేయించుకున్నవాళ్ళు దాదాపు అందరూ బాగున్నారు.

రెండో పక్కన తింటున్న ఏడుగురినీ శైలజగారు పిలిపించి మళ్ళీ చేశారు. పెయింటరు వచ్చి బోర్డు మీద 'పంటి స్థితిని బట్టి' అని చిన్న అక్షరాలతో కలిపాడు. ఆ చిన్న అక్షరాలు ఎవరూ చదవరు, కరుణ కూడా చదవలేదు. కానీ అప్పటి నుంచి మా దగ్గర ఒక నియమం. వేరు పొడిగా వస్తేనే ఆ రోజు మూయడం. రాకపోతే ఎవరు బతిమాలినా మూయకపోవడం.

పెద్ద డాక్టరుగారు ఆ నియమం విని, "నేను నలభై ఏళ్ళు చేసింది అదే కదమ్మా" అన్నారు.

"మీరు పొడిగా ఉన్నవాళ్ళని కూడా నాలుగుసార్లు తిప్పేరు కదా నాన్నగారూ" అన్నారు శైలజగారు. ఆయన పేపరు పైకెత్తుకున్నారు. ఇద్దరూ చెప్పింది సరైనదే.

అట్టలో రెండు

మళ్ళీ ఆ గురువారానికి వస్తాను. శైలజగారు ఇంజక్షను సిద్ధం చెయ్యమని చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళారు. కరుణ చెప్పిన ప్రకారం వాపు లేదు, నిద్ర పట్టింది, నొప్పి రెండు రోజులదే. ఎక్స్‌రేలో వేరు చివర చిన్న నీడ ఉంది, అంతే. ఒకే సిట్టింగుకి సరిపోయే పన్ను.

నేను ఆమె మెడకి గుడ్డ కడుతూ అడిగాను. "నిన్న రాత్రి ఏం తిన్నారమ్మా?"

"పెరుగన్నమండి."

"ఏ పక్క నమిలారు?"

"పెరుగన్నం నవలక్కర్లేదు కదండీ."

"మొన్న?"

"మొన్నా పెరుగన్నమేనండి."

ఆమె కుడి చెంప మీద చర్మం కొంచెం ఎర్రగా, గరుకుగా ఉంది. ఉప్పు వేయించి గుడ్డలో కట్టి కాపడం పెడితే అలా కందుతుంది. రెండు రోజుల నొప్పికి చర్మం అంతగా కమలదు.

"నొప్పి మాత్ర వేసుకున్నారా?"

"ఆయ్, వేసుకున్నానండి."

"అట్ట ఉందా? ఏం మాత్రో చూస్తాను. ఇంజక్షనుకి పడుతుందో లేదో చూడాలి."

ఆమె చేతిసంచీలోంచి అట్ట తీసి ఇచ్చింది. పది మాత్రల అట్ట. రెండే మిగిలాయి.

"ఎప్పుడు కొన్నారమ్మా ఇది?"

ఆమె సంచీ మూస్తూ కూర్చుంది. నేను ఆగాను. ఆగడం కూడా మన పనిలో ఒక భాగం.

"నిన్న సాయంత్రమండి" అంది.

నిన్న సాయంత్రం నుంచి ఈ పొద్దున్న పదిన్నర దాకా ఎనిమిది మాత్రలు. అంటే రెండు గంటలకొకటి. నిద్ర పట్టిన మనిషి రెండు గంటలకొకసారి మాత్ర వేసుకోదు.

"వాపు ఎప్పుడు వచ్చిందమ్మా?"

"ఆదివారం వచ్చిందండి. కాపడం పెట్టి, మందుల షాపులో చీముకి మాత్రలడిగి తెచ్చుకుని వాడితే తగ్గిపోయిందండి. చెప్తే ఒకే సిట్టింగులో చెయ్యరని మా వదిన అందండి. సిస్టరుగారూ, మీరు డాక్టరమ్మగారితో అనకండి. నాకు మళ్ళీ టిక్కెట్టు కొనిచ్చేవాళ్ళు లేరు."

నేను చెప్పాను. ఆమె ఎదురుగానే, శైలజగారు రాగానే అట్ట చేతిలో పెట్టి చెప్పాను. కరుణ నా వైపు చూడటం మానేసింది. కొత్తగా చేరిన మీరు ఇలాంటి చోట రోగి మాటకి కట్టుబడాలని అనుకుంటారు. ఆమె నన్ను నమ్మి చెప్పింది, నిజమే. కానీ ఆ పంటిని మూడో రోజున మోయవలసింది ఆమే. అప్పుడు మేమెవరం పక్కన ఉండం.

పద్నాలుగో పుల్ల

శైలజగారు పన్ను తెరిచారు. మూడు వేర్ల దారులు. వెనక వేరులోంచి బొట్టు చీము పైకి వచ్చింది. ఆ వాసన ఈ పనిలో ఉన్నవాళ్ళకి దూరం నుంచే తెలుస్తుంది. దారులు శుభ్రం చేసి, కడిగి, ఆరబెట్టడం మొదలుపెట్టారు. ఆరబెట్టడానికి సన్నటి కాగితపు పుల్లలు ఉంటాయి. ఒకటి లోపలికి పెట్టి తీస్తే, చివర తడిగా ఉందో పొడిగా ఉందో కనిపిస్తుంది. ముందు రెండు దారులూ మూడేసి పుల్లలకి పొడిగా వచ్చాయి. వెనకది రాలేదు.

నేను పుల్ల అందిస్తూ మనసులో లెక్కపెడుతున్నాను. ఏడు, తడి. ఎనిమిది, తడి. మళ్ళీ కడిగారు, పది నిమిషాలు ఆగారు. పదకొండు, చివర కొంచెం పసుపు. పన్నెండు. పదమూడు కాస్త పొడిగా వచ్చినట్టు అనిపించింది. శైలజగారు గడియారం వంక చూశారు. పదమూడోదాన్ని లైటు కింద తిప్పి చూశారు.

నోరు తెరుచుకునే కరుణ ఏదో అంది. గొట్టం తీశాను. "మూసేయండమ్మగారూ. అక్కడికెళ్ళేక ఏదొచ్చినా నేను పడతానండి. మిమ్మల్ని ఒక్క మాట అనను."

శైలజగారు నన్ను చూశారు. ముఖానికి మాస్కు ఉన్నా, ఇన్నేళ్ళ తర్వాత కళ్ళు చాలు. మూసేద్దామా అని అడుగుతున్నాయి. ఆమె కఠినమైన మనిషి కాదు. ఆమెకి అమ్మ లేదు, అమ్మ కంటి ఆపరేషన్ కోసం ఇన్నాళ్ళూ ఆగిపోయిన మనిషి ఎదురుగా ఉంది.

నేను ఇంకొక పుల్ల అందించాను. ఆమె పెట్టి తీశారు.

"పద్నాలుగండి" అన్నాను. "తడి."

శైలజగారు లోపల మందు నింపి, పైన తాత్కాలికంగా మూసి, కుర్చీ పైకి లేపారు. కరుణ పక్కనే స్టూలు మీద కూర్చుని చెప్పారు. "ఇవాళ మూస్తే విమానంలోనే దవడ వాస్తుంది. ఇవాళ గురువారం. రెండు రోజులు ఈ మందు పనిచేస్తుంది. మాత్రలు నేను రాసినవే, రాసినన్నే. శనివారం పొద్దున్న తొమ్మిదింటికి రండి. పొడిగా ఉంటే పది నలభైకి అయిపోతుంది. మీ బస్సు ఐదింటికి."

"లేకపోతే అండి?"

"లేకపోతే మందు మార్చి, గట్టిగా మూసి, అక్కడ ఏ డాక్టరుకైనా అర్థమయ్యేటట్టు కాగితం రాసిస్తాను. పన్ను పీకను, మీ బస్సూ ఆపను."

కరుణ తల ఊపింది. వెళ్ళేటప్పుడు నాకు చెప్పకుండా వెళ్ళింది.

శుక్రవారం నేను ఆ కాగితం రాసిపెట్టాను. ముందు వేర్లు ఇరవై, ఇరవై. వెనకది ఇరవై ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఏ రోజు ఏం మందు పెట్టారో, ఎన్ని పుల్లలు తడిగా వచ్చాయో అన్నీ. వాడవలసిన అవసరం రాకూడదని కోరుకుంటూ రాసిన కాగితం అదొక్కటే.

శనివారం

తొమ్మిదికి పది నిమిషాల ముందే వచ్చింది. కూడా పెట్టెతో ఆమె అన్న ఉన్నాడు. పెట్టెకి రంగు తాడు కట్టి, మూల మీద పేరు పెయింటుతో రాసి ఉంది. కుర్చీలో కూర్చోగానే, నేను అడగకముందే, సంచీలోంచి మాత్రల అట్ట తీసి చూపించింది. మేము రాసినవి ఆరు వేసుకోవాలి, ఆరు ఖాళీ. నొప్పి మాత్ర శుక్రవారం రాత్రి ఒక్కటే.

"నిన్న ఏం తిన్నారు?" అన్నాను.

"చేపల పులుసండి. ముల్లు లేకుండా మా అమ్మ ఒలిచి పెట్టింది. నవల్లేదండి, అబద్ధం చెప్పను."

ఆ మాటకి ఆమె అన్న నవ్వాడు. "మా చెల్లి అబద్ధం చెప్పనందంటే పన్ను బాగైనట్టేనండి."

శైలజగారు పన్ను తెరిచి మందు కడిగేశారు. వెనక దారిలో మొదటి పుల్ల తడిగా వచ్చింది. అది కడిగిన నీళ్ళ తడి, లెక్కలోకి రాదు. రెండోది చివర కొంచెం. మూడోది లైటు కింద పెట్టి శైలజగారు చాలాసేపు చూసి, నాకు చూపించారు. చివరికంటా పొడిగా, తెల్లగా ఉంది. నాలుగోది కూడా పెట్టి చూశారు. అదీ పొడే.

పది యాభైకి పని అయింది, అనుకున్న దానికంటే పది నిమిషాలు ఎక్కువ. పన్ను మీద గట్టి సిమెంటు పెట్టారు. క్యాప్ వచ్చే సెలవులో. శైలజగారు కాగితం చించబోతే ఆపాను, కరుణ పాస్‌పోర్టు కవరులో పెట్టాను. ఆమె నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేసింది. క్షమించిందో లేదో నాకు తెలియలేదు.

మూడో రోజు

మంగళవారం మూడో రోజు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మధ్యాహ్నం భోజనాలయ్యి, గిన్నెలు తోమడం ముగిసే వేళ చూసుకుని, మన టైము సాయంత్రం ఐదింటికి వాట్సాప్‌లో ఫోన్ చేశాను.

"ఆయ్, సిస్టరుగారండీ. బాగుందండి, చాలా బాగుందండి."

నేను పెన్ను కింద పెట్టేశాను. "ఏం తిన్నారమ్మా మధ్యాహ్నం?"

"కుబ్బూసండి. వీళ్ళ రొట్టె."

"ఏ పక్క నమిలారు?"

అటునుంచి కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది. "ఏ పక్కా కాదండి. చారులో నానేసుకుని ముందు పళ్ళతో తిన్నానండి. నవిలితే మళ్ళీ వస్తాదేమోనని భయమండి. కొంచెం బరువుగా కూడా ఉందండి ఆ పక్క. నొప్పి కాదు, బరువు."

మూడో రోజున బరువు ఉండటం మామూలే. ఆ మాట ఆమె తనంతట తాను చెప్పింది. నా పుస్తకంలో ఇన్నేళ్ళలో, నేను గుచ్చి గుచ్చి అడగకుండా ఒకరు చెప్పిన మొదటి చెడ్డమాట అది. నాకు సంతోషం వేసింది.

"ఆ రొట్టె ముక్క ఏమైనా మిగిలిందా అక్కడ?"

"ఉందండి."

"చిన్న ముక్క తుంచి కుడి పక్క పెట్టుకోండి. నానెయ్యకుండా. నేను ఫోన్ పెట్టను."

"ఇప్పుడాండి?"

"ఇప్పుడే."

ఫోన్ ఎక్కడో గట్టు మీద పెట్టిన చప్పుడు. తర్వాత చాలా నెమ్మదిగా, ఒక్కొక్కసారి ఆగి ఆగి, నమలడం వినిపించింది. అది ఏ పక్కో ఫోన్లో తెలియదు. కానీ మొదటి నాలుగు భయంతో నమిలినవి. అయిదో దాని నుంచి పన్నెండో దాని దాకా వరసగా వచ్చాయి.

"అయిందండి" అంది.

"ఎలా ఉంది అని అడగను."

"అడగకండి" అని నవ్వింది. "ఇంకో ముక్క తుంచుకుంటున్నానండి."

మూడో రోజు కాలమ్‌లో టిక్కు పెట్టలేదు. పన్నెండు అని రాశాను.